సఖీర్ హాల్లో ఆరడుగుల చెరువు

బహ్రెయిన్‌లోని సఖీర్‌లో జూలై, ఆగస్టు నెలల్లో చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి. మిద్దె మీది ఫైబర్ ట్యాంకులో నీళ్లు పగలంతా ఎండకు కాగుతూనే ఉంటాయి మరి. అందుకే గల్ఫ్‌లో కాపురాలుంటున్నవాళ్లు ఎండాకాలం రాగానే గీజరు స్విచ్చి కట్టేసి, ఏసీ గదుల మధ్య చల్లబడిన ఆ గీజరు నీళ్లనే స్నానానికి వాడుకుంటారు. అలాంటి ఊళ్లో హాల్లో ఆరడుగుల మంచినీటి అక్వేరియం పెట్టాలనుకునేవారికి చేపల రంగులు, లైట్ల మెరుపులు తర్వాతి సంగతి. ఆ తొట్టిలోకి వచ్చే నీళ్లు ఎక్కడివి, ఎంత వేడి మీద ఉంటాయి, ఇంటికి తాళం పడే నెలలో వాటిని ఎవరు చూస్తారు అన్నవి ముందు తేలాలి. ఈ మూడూ తేలితే మిగతాదంతా ఓపికతో కుదిరేదే.

బహ్రెయిన్ ద్వీపంలో నైరుతి దిక్కున ఎడారి మధ్యనున్న సఖీర్‌ను బయటి ప్రపంచం 2004లో మొదలైన ఫార్ములా వన్ పందేలతో గుర్తుపడుతుంది. బహ్రెయిన్ విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణం ఇక్కడే. 1976లో ఏర్పడిన అల్ అరీన్ వన్యప్రాణి ఉద్యానం కూడా ఇక్కడే ఉంది. దేశం మొత్తానికీ ఏడాదిలో కురిసే వాన సగటున 80 మిల్లీమీటర్ల లోపే. మన కోస్తాలో ఒక్క తుపాను రోజు కురిసే వాన అంతకన్నా ఎక్కువ.

అయినా ఈ ద్వీపానికి పాతకాలంలో పేరు తెచ్చింది మంచినీళ్లే. సౌదీ అరేబియా వైపు నుంచి భూగర్భంలో పారుకుంటూ వచ్చిన నీరు ఇక్కడ ఊటలుగా పైకి ఉబికేది. ఒడ్డున మాత్రమే కాదు, సముద్రం అడుగున కూడా ఊటలుండేవి. ముత్యాల కోసం మునిగేవాళ్లు ఉప్పునీటి అడుగున తోలుసంచుల్లో మంచినీళ్లు పట్టుకుని పైకి వచ్చేవారు. రాజధాని మనామా దగ్గరి అధారి ఊట పారకం ఎంత దూరం పోయేదంటే, దగ్గరివాణ్ని వదిలేసి దూరపువాడికి నీళ్లిచ్చే అధారి అని అక్కడ సామెతే పుట్టింది. 1920లలో గొట్టపు బావులు మొదలయ్యాక తోడకం పెరిగింది. భూగర్భంలో మట్టం పడిపోయి, ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చి, శతాబ్దం ముగిసేలోపు ఆ ఊటలు దాదాపుగా ఎండిపోయాయి. ఊటల్లో, తోటల కాలువల్లో బతికిన అరేబియన్ కిల్లీఫిష్ అనే చిన్న చేప మాత్రం మొండిది. మంచినీళ్లలోనూ, సముద్రం కన్నా ఉప్పైన నీళ్లలోనూ బతకగలదు. దోమపిల్లల్ని తింటుంది కాబట్టి గల్ఫ్ దేశాల్లో దోమల నివారణకూ వాడారు. సఖీర్‌లో అక్వేరియం పెట్టేవాళ్లు ఈ స్థానిక చేప గురించి ఆలోచించరు. సింగపూర్ నుంచి, థాయిలాండ్ నుంచి వచ్చే రంగు చేపల పక్కన అది వెలవెలబోతుందనేమో. కానీ ఈ నీటికీ ఈ ఎండకూ పుట్టిన చేప అది.

ఇప్పుడు కుళాయిలో వచ్చేది ముఖ్యంగా సముద్రపు నీటి నుంచి తీసిన మంచినీరు. సిత్రాలో 1975లో నిర్లవణీకరణ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. ఉప్పెక్కిన భూగర్భజలాన్ని శుద్ధి చేసే రాస్ అబూ జర్జూర్ కేంద్రం 1984లో వచ్చింది. ఆ తర్వాత హిద్, అల్ దూర్ కేంద్రాలు చేరాయి. ఇలా తీసిన నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. తాగడానికి పనికిరావడానికి, గొట్టాలు తినేయకుండా ఉండడానికి మళ్లీ ఖనిజాలు కలుపుతారు, లేదా బావి నీళ్లు కలుపుతారు. క్లోరిన్ సరేసరి. ఎక్కడ ఎంత కలిసిందన్నది బట్టి ఒక పేటలో నీళ్లు మెత్తగా, మరో పేటలో ఖనిజాలెక్కువై గరుకుగా ఉండొచ్చు. కాబట్టి సఖీర్‌లో మొదట కొనాల్సింది తొట్టి కాదు, టెస్ట్ కిట్. పీహెచ్ ఎంత, కాఠిన్యం ఎంత, ఉప్పుల మోతాదు ఎంత అని నాలుగైదు వారాలపాటు, రోజు మార్చి రోజు చూస్తే ఆ ఇంటి నీటి స్వభావం తెలుస్తుంది. ఈ పనికి అయ్యే ఖర్చు ఒక మంచి చేప ఖరీదు కన్నా తక్కువే. చాలామంది దీన్ని దాటేసి, చేపలు చచ్చాక కిట్ కొంటారు.

పెద్ద తొట్టి అంటే కష్టమెక్కువ అనుకోవడం సహజం. ఎండ విషయంలో మాత్రం నిజం అందుకు తలకిందులు. రెండడుగుల పొడవూ అడుగు వెడల్పూ అడుగు ఎత్తూ ఉన్న తొట్టిలో 54 లీటర్లు పడతాయి. ఆరడుగుల పొడవూ రెండడుగుల వెడల్పూ రెండడుగుల ఎత్తూ ఉన్నదాంట్లో 650 లీటర్లు. లీటరు నీటికి వేడి తగిలే ఉపరితలం చిన్నదాంట్లో ఎంతుంటుందో, పెద్దదాంట్లో అందులో సగం కూడా ఉండదు. మధ్యాహ్నం ఏసీ ఆగిపోతే చిన్న తొట్టి గంటల్లో వేడెక్కిపోతుంది. పెద్దది మనిషి ఇంటికి వచ్చి రిపేరువాణ్ని పిలిచేదాకా నిలదొక్కుకుంటుంది. మేత ఒకరోజు ఎక్కువ పడినా, ఒక చేప చచ్చి కనబడకుండా మూలన ఉండిపోయినా అదే తీరు. విషం ఎక్కువ నీళ్లలో పలచబడుతుంది. అందుకే ఈ వాతావరణంలో మొదటిసారి పెట్టేవాళ్లకు చిన్న గాజు గిన్నెలను అంటగట్టడం తప్పు. నాలుగడుగుల తొట్టి కన్నా చిన్నది ఇక్కడ సిఫారసు చేయదగ్గది కాదు.

అయితే పెద్దదానికి నేల ఒప్పుకోవాలి. 12 మిల్లీమీటర్ల గాజుతో కట్టిన ఆరడుగుల తొట్టిలో గాజే దాదాపు 120 కిలోలు. నీళ్లు 650. ఇసుక, రాళ్లు, ఇనప స్టాండు కలిపితే టన్నుకు దగ్గర పడుతుంది. అదంతా నిలబడేది చదరపు మీటరు పైచిలుకు జాగాలో. మన దేశపు ప్రమాణాల్లో ఇళ్ల గదులకు లెక్కగట్టే భారం చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు. గది మొత్తం మీద ఆ భారం పరుచుకుంటుంది కాబట్టి తొట్టి పెట్టగానే స్లాబు విరిగిపడదు. కానీ పైఅంతస్తు ఫ్లాటులో గది మధ్యన, దూలాలు లేనిచోట పెట్టకూడదు. గోడవారగా, దూలం మీదుగా, వీలైతే ఇంజనీరుకు చూపించి పెట్టాలి. కింది అంతస్తు విల్లాలో ఈ బెంగ చాలామటుకు తీరుతుంది. అద్దె ఇల్లయితే యజమానికి ముందే చెప్పడం మర్యాద, అవసరం కూడా.

గాజు మందం విషయంలో చాలామంది పొడవును చూసి భయపడతారు. నీటి ఒత్తిడి పెరిగేది ఎత్తును బట్టి. రెండడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవున్న ముందు అద్దాన్ని నీళ్లు దాదాపు 320 కిలోల బలంతో బయటికి నెడుతుంటాయి. ఎత్తును రెండున్నర అడుగులు చేస్తే ఆ బలం సగానికి పైగా పెరుగుతుంది. అందుకే లోతుగా కాక వెడల్పుగా కట్టించుకోవడం మంచిది. చేపకు ఈదే జాగా దొరుకుతుంది, గాలి తగిలే పైభాగం పెరుగుతుంది, చెయ్యి పెడితే అడుగు అందుతుంది. సిలికాన్ జిగురు వాడకంలోకి వచ్చాకే ఇనప చట్రాలు లేని గాజు తొట్టెలు ఇళ్లకు వచ్చాయి. ఆ జిగురు పూర్తిగా ఆరకముందే నీళ్లు నింపే తొందర ఎన్ని హాళ్లను తడిపిందో చెప్పలేం. కొత్త తొట్టిని ఆరుబయటో బాత్‌రూంలోనో నింపి రెండు మూడు రోజులు గమనించాకే లోపలికి తేవాలి.

తొట్టిలో చేప బతకడం వెనుక ఉన్న రసాయనం అర్థం కావడానికి మనిషికి చాలాకాలం పట్టింది. 1850లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త గాజు తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, నత్తలు, వాలిస్నేరియా మొక్కలు కలిపి పెట్టి, చేప వదిలింది మొక్కకూ మొక్క వదిలింది చేపకూ పనికొస్తాయని చూపాడు. మూడేళ్ల తర్వాత లండన్ జూలో చేపల ప్రదర్శనశాల తెరిచారు. అయితే వారింగ్‌టన్‌కు తెలియని పనివాళ్లు ఆ తొట్టిలో ఉన్నారు. చేప మొప్పల నుంచీ మురిగిన మేత నుంచీ వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాలు అవి. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వాటిని విడదీసి చూపాడు. అక్వేరియాల్లో రెండో మెట్టు పని చేసేది ముఖ్యంగా నైట్రోస్పైరా అనే ప్రజాతి అని 1990ల చివరలో తేలింది. ఈ రెండు మెట్లనూ ఒక్కటే పూర్తి చేసే బాక్టీరియాలున్నాయని 2015లో బయటపడింది. ఫిల్టర్ అంటే మురికి పట్టే జల్లెడ కాదు. ఈ సూక్ష్మజీవులు కాపురముండే ఇల్లు.

కొత్త తొట్టిలో ఆ ఇల్లు ఖాళీగా ఉంటుంది. నిండడానికి మూడు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. చేపలు వేయకుండానే లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున అమ్మోనియా వేసి, అదీ నైట్రైటూ 24 గంటల్లో సున్నాకు వచ్చేదాకా ఆగడం చేపల్ని హింసించని పద్ధతి. ఆరోగ్యంగా ఉన్న తొట్టి నుంచి పాత స్పాంజి ముక్క తెచ్చి కొత్త ఫిల్టర్లో వేసుకుంటే గడువు బాగా తగ్గుతుంది. పాలకు తోడు వేసినట్టే.

సఖీర్‌లో ఈ ఓపిక మరీ అవసరం, ఎందుకంటే వేడిలో అమ్మోనియా మరింత ప్రమాదకరం. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. చేపను చంపేది వాయు రూపం. 25 డిగ్రీల వేడి, 7 పీహెచ్ ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో ఆ రూపం అర శాతం పైచిలుకే. 30 డిగ్రీలు, 8 పీహెచ్ అయితే 7 శాతం దాటుతుంది. అంటే కిట్‌లో ఒకే అంకె కనిపించినా ఇక్కడి చేపకు తగిలే విషం పన్నెండు రెట్లకు పైమాట. పైగా 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 దగ్గర 7 మిల్లీగ్రాములే. వేడిలో చేప ఊపిరి వేగం పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. వేసవి పొద్దున్నే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే మేత కోసం కాదు.

దీనికి విరుగుడుగా మార్కెట్లో నీటిని చల్లబరిచే చిల్లర్లు దొరుకుతాయి. మంచివే, కానీ తొట్టిలోంచి లాగిన వేడిని అదే హాల్లోకి వదులుతాయి, దాన్ని మళ్లీ ఏసీయే బయటికి తోయాలి. ఏసీ నడిచే హాల్లో నీళ్లు మామూలుగా 26, 27 డిగ్రీల దగ్గర నిలుస్తాయి కాబట్టి చాలా ఇళ్లకు చిల్లర్ అక్కర్లేదు. నీటి మీద గాలి కొట్టే చిన్న ఫ్యాన్లు చౌకైన ఉపాయం. 650 లీటర్ల తొట్టిని ఒక డిగ్రీ చల్లబరచడానికి లీటరు పైచిలుకు నీరు ఆవిరైతే చాలు. ఏసీ పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. ఏసీ పాడైన రోజు సముద్రపు ఉక్కపోతలో అంతగా పనిచేయదు. ఆవిరైపోయేది నీరే, ఖనిజాలు తొట్టిలోనే ఉండిపోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. తగ్గిన నీటిని కుళాయి నీళ్లతో నింపుతూ పోతే నెలల్లో కాఠిన్యం పెరిగిపోతుంది. ఆ లోటు ఆర్‌ఓ నీళ్లతో నింపి, వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి కుళాయి నీళ్లు మార్చడం సరైన దారి. మార్చే 160 లీటర్లను ముందురోజే ఏసీ గదిలో డ్రమ్ములో పట్టి, క్లోరిన్ విరిచే మందు వేసి ఉంచాలి. మిద్దె ట్యాంకు నుంచి తిన్నగా పైపు పెట్టి నింపితే చేపల మీద వేడినీళ్లు పోసినట్టే. ఇంటి ప్లానులో తొట్టికి జాగా చూసేవాళ్లు ఈ డ్రమ్ముకూ జాగా చూసుకోవాలి.

శీతాకాలం సంగతీ మరిచిపోరాదు. జనవరి రాత్రుల్లో ఏసీ అవసరం ఉండదు, ఎడారి చలి ఇంట్లోకి వస్తుంది. మూడు నెలలకోసమే అయినా హీటర్ కావాలి.

తొట్టిని అలంకరించే పద్ధతుల్లో పేరుమోసిన బాటలు రెండున్నాయి. జపాన్‌కు చెందిన తకాషి అమానో రాళ్లు, మొద్దులు, దట్టమైన మొక్కలతో నీటి కింద అడవులు తీర్చాడు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, బలమైన లైట్లు, వారం వారం కత్తిరింపు ఆ పద్ధతికి ప్రాణం. లిస్బన్ ఓషనేరియంలో 2015లో ఆయన తీర్చిన 40 మీటర్ల తొట్టి చూసినవాళ్లు దాన్ని మరిచిపోరు. అదే ఏడాది ఆయన కన్నుమూశాడు. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో వెలువరించిన పుస్తకంలో మరో దారి చెప్పింది. అడుగున మామూలు మట్టి, బాగా పెరిగే మొక్కలు, తక్కువ చేపలు, తక్కువ యంత్రాలు. సఖీర్ ఇంటికి అమానో అందం ఆకర్షణగా ఉన్నా, వేడినీళ్లలో ఆక్సిజనే తక్కువగా ఉన్నచోట కార్బన్ డయాక్సైడ్ కొట్టడం పొరపాటుకు తావిస్తుంది. నెల్లాళ్లు ఇల్లు వదిలే కుటుంబానికి అసలే కుదరదు. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ వంటివి రాళ్లకూ మట్టికీ పట్టుకుని మామూలు ఎల్‌ఈడీ వెలుగులో బతికేస్తాయి. వారింగ్‌టన్ వాడిన వాలిస్నేరియా గరుకు నీళ్లలోనే ఇంకా బాగా పెరుగుతుంది.

కరెంటు గురించి భయం అక్కర్లేదు. ప్రవాసులకు విద్యుత్ రాయితీని 2016 నుంచి దశలవారీగా తగ్గించుకుంటూ వచ్చి 2019 నాటికి యూనిట్‌కు 29 ఫిల్సులు చేశారు. 25 వాట్ల ఫిల్టర్ పగలూ రాత్రీ, 60 వాట్ల లైటు ఎనిమిది గంటలూ నడిచినా నెలకు 32, 33 యూనిట్లు, ఆ ధర ప్రకారం దినారు లోపే. ఖర్చంతా ఏసీదే, అది మనుషుల కోసం ఎలాగూ నడుస్తుంది.

ఇక చేపలు. తెలుగు ఇళ్లలో అక్వేరియం అనగానే గోల్డ్‌ఫిష్ గుర్తొస్తుంది. అది చల్లటి నీటి చేప, వేడి పెరిగితే ఇబ్బంది పడుతుంది. సఖీర్‌కు తగదు. వాస్తు పేరుతో అరోవానా కొనేవాళ్లూ ఉన్నారు. ఆసియా అరోవానా అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ జాబితాలో ఉంది, రిజిస్టరైన ఫారాల్లో పుట్టిందని కాగితాలుంటేనే దాన్ని సరిహద్దులు దాటించొచ్చు. వెండి అరోవానాకు ఆ చిక్కు లేకపోయినా మూడడుగులు పెరుగుతుంది. రెండడుగుల వెడల్పు తొట్టిలో అది తిరగడానికే కష్టపడుతుంది. అదృష్టం కోసం ఒక ప్రాణిని అలా మలుపు లేని గదిలో పెట్టడం ఏ శాస్త్రమూ ఒప్పదు. ఆస్కార్ చేప అడుగు పెరుగుతుంది, యజమానిని గుర్తుపడుతుంది, వేడికి తట్టుకుంటుంది. ఆరడుగుల తొట్టికి రెండు చాలు.

నీళ్లు గరుకుగా, పీహెచ్ 8 దగ్గర ఉన్నట్టు కిట్ చెబితే మలావీ సరస్సు సిక్లిడ్‌లు చక్కగా సరిపోతాయి. ఆ ఆఫ్రికా సరస్సులో వందల జాతులు అలాంటి క్షార జలంలోనే పుట్టాయి. రాళ్లు పేర్చి ఇరవై ముప్పై చేపలు వేస్తే పసుపు, నీలం రంగులతో హాలు వెలిగిపోతుంది, మొక్కలు మాత్రం మిగల్చవు. మొక్కలూ కావాలంటే పశ్చిమ పాపువాకు చెందిన బోయెసెమాని రెయిన్‌బో చేపలున్నాయి, అవీ గరుకైన వెచ్చని నీటివే. దక్షిణ భారతపు తీరప్రాంత నీళ్లలో బతికే ఆరెంజ్ క్రోమైడ్‌ను కూడా ఇక్కడ పరిశీలించాలి. చిన్నది, శాంతమైనది, కాస్త ఉప్పుకూ వెరవదు. నీళ్లు మెత్తగా ఉంటే డిస్కస్ పెట్టొచ్చు, 28 నుంచి 30 డిగ్రీలు దానికి ఇష్టం, గల్ఫ్‌కు అదో సౌలభ్యం. కానీ దానికి కావలసిన శుభ్రత రోజువారీ పని. కొత్తవాళ్లకు వద్దు. నీటిని మందులతో మార్చి చేపకు తగినట్టు చేయడం కన్నా, ఉన్న నీటికి తగ్గ చేపను తేవడంలోనే ఈ వ్యవహారం నిలుస్తుందో పడుతుందో తేలిపోతుంది.

పిల్లల బడులు మూసే జూలై, ఆగస్టుల్లో తెలుగు కుటుంబాలు ఊరికి బయలుదేరతాయి. అంటే తొట్టికి అత్యంత కష్టకాలంలో ఇల్లు ఖాళీ. హాలు ఏసీని 28 దగ్గర నడిపిస్తూ వెళ్లడం తప్పదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం పది రోజులు మేత లేకపోయినా ఉండగలవు కాబట్టి ఆటోఫీడర్‌లో తక్కువ మోతాదు చాలు. తాళాలు తీసుకున్న పక్కింటివాళ్లు ప్రేమకొద్దీ వేసే మేత చేపల్ని ఆకలి కన్నా త్వరగా చంపుతుంది. రోజుకింత అని పొట్లాలు కట్టి, మిగతా డబ్బా దాచేసి వెళ్లాలి. వాళ్లకు నేర్పాల్సింది మేత వేయడం కాదు. థర్మామీటర్ చూడడం, ఫిల్టర్లో నీళ్లు పారుతున్నాయా అని చూడడం, 31 దాటితే ఫోన్ చేయడం. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి తొట్టి పక్కనే పెట్టి, ఎలా తిప్పాలో ఒకసారి చేసి చూపించాలి.

మరో ప్రయాణం ఉంది, ఉద్యోగం ముగిసి మూటాముల్లె సర్దుకునేది. వీసాతో ముడిపడిన బతుకులో అది ఎప్పుడైనా రావొచ్చు. ఆస్కార్ పదేళ్లు బతుకుతుంది, ఉద్యోగ ఒప్పందం అన్నాళ్లు ఉంటుందన్న నమ్మకం లేదు. చేపల్ని కాలువల్లో, పార్కు చెరువుల్లో వదిలేయడం ఎంత చేటో మనకు ఇంటి దగ్గరే తెలిసింది. అక్వేరియం గోడల నాచు తింటుందని తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లోకి, కాలువల్లోకి చేరి పెరిగింది. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు. వలలు చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది, అమ్ముదామంటే కొనేవాడుండడు. డెవిల్ ఫిష్ అని పేరు పెట్టుకుని చేపల రైతులు తలలు పట్టుకుంటున్నారు. బహ్రెయిన్ కిల్లీఫిష్ బతికే నీళ్లలోకి అలాంటి చేప చేరకూడదు. కొనేటప్పుడే, వెళ్లిపోయే రోజున తిరిగి తీసుకునే దుకాణం ఏదో, పెంచుకునే స్నేహితుడు ఎవరో తేల్చుకోవాలి.

అన్నీ ఆలోచించాక మొదలుపెట్టే నెల నవంబరు. ఎండ తగ్గి, సఖీర్ ఎడారిలో చలికాలపు గుడారాలు లేచే వేళ అది. మిద్దె ట్యాంకు నీళ్లు అప్పుడు చల్లగా ఉంటాయి, ఫిల్టర్లో బాక్టీరియా పెరుగుతుండగా నీళ్లు మార్చడం సులువు. డిసెంబరు చివరికి అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వస్తాయి. జనవరిలో హీటర్ పెట్టి నాలుగైదు చేపలు, ఫిబ్రవరిలో మరికొన్ని, మార్చిలో మిగిలినవి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్లు బిగించి, ఏసీ ఏ అంకె దగ్గర ఉంటే నీళ్లు 27 దగ్గర నిలుస్తాయో రాసి పెట్టుకుంటే, జూలై టికెట్లు చేతికొచ్చే నాటికి తొట్టికి ఎనిమిది నెలల వయసు వచ్చి ఉంటుంది.